ఇద్దరిలో పక్కవాద్యం ఎవరిది?

పాశ్చాత్య సంగీతం వినడం నేను ఒక గ్రంథాలయంలో నేర్చుకున్నాను. షికాగో నగరంలో మిషిగన్ అవెన్యూ మీద, రాండాల్ఫ్ వీధికీ వాషింగ్టన్ వీధికీ మధ్య ఒక పెద్ద రాతి భవనం ఉంది. 1897లో దాన్ని నగర కేంద్ర గ్రంథాలయంగా కట్టారు. 1980ల తొలినాళ్ళలో నేను ఆ ఊరు చేరేసరికి పుస్తకాల్లో ఎక్కువ భాగం వేరే చోటికి తరలిపోయి ఉన్నాయి కానీ, భవనం ఇంకా గ్రంథాలయ సంస్థదే. షికాగో పబ్లిక్ లైబ్రరీ కల్చరల్ సెంటర్ అనేవారు. అక్కడ ప్రతి బుధవారం మధ్యాహ్నం 12.15కు కచేరీ మొదలయ్యేది. ముప్పావు గంటలో అయిపోయేది. టికెట్ లేదు, పేరు నమోదు లేదు. ఎవరైనా సరే వచ్చి కూర్చోవచ్చు.

మా ఆఫీసు అక్కడికి నాలుగు వీధుల అవతల. లెక్కల విభాగంలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఒక పెద్దావిడ బుధవారాల్లో భోజనం త్వరగా ముగించి కోటు తొడుక్కుని మాయమయ్యేది. ఎక్కడికని అడిగితే, "నాతో రా, చూద్దువుగాని" అంది. వాబాష్ వీధిలో నెత్తి మీద ఇనుప వంతెనపై రైలు చప్పుడు చేసుకుంటూ పోతుంటే దాని కింద నుంచి గబగబా నడిచి వెళ్ళాం. ఆ రోజు ఎవరు వాయించారో, ఏం వాయించారో గుర్తు లేదు. ఆ గది మాత్రం గుర్తుంది.

వాషింగ్టన్ వీధి వైపు తలుపు తోసుకుని లోపలికి వెళితే తెల్లటి కరారా పాలరాతి మెట్లు. మెట్ల గోడల నిండా రంగు గాజు ముక్కలూ ముత్యపు చిప్పలూ పొదిగిన అల్లికలు. మధ్య మధ్యలో రచయితల పేర్లు. పుస్తకాల గొప్పదనం గురించిన వాక్యాలు పది భాషల్లో, వాటి వాటి లిపుల్లో. మూడో అంతస్తుకు చేరితే ప్రెస్టన్ బ్రాడ్లీ హాలు. తల ఎత్తితే టిఫనీ సంస్థ చేసిన గాజు గోపురం, 38 అడుగుల వ్యాసం. చేప పొలుసుల ఆకారంలో కోసిన గాజు పలకలు ఒకదాని పక్కన ఒకటి అమర్చి ఉంటాయి, మొత్తం ముప్పై వేల దాకా ఉంటాయంటారు. నడినెత్తిన రాశిచక్రం గుర్తులు.

ఆ హాలు కచేరీల కోసం కట్టింది కాదు. ఒకప్పుడు అది పుస్తకాలు ఇచ్చే గది. పాఠకుడు కావలసిన పుస్తకం పేరు చీటీ మీద రాసి ఇస్తే, లోపలి అరల్లోంచి సిబ్బంది తెచ్చి చేతికి అందించేవారు. ఊళ్ళో కూలి పని చేసుకునేవాడు కూడా ఒక నవల కోసం ఆ గోపురం కింద నిలబడి ఎదురుచూసేవాడు. పుస్తకం అరువు తీసుకునే చోటును రాజప్రాసాదంలా కట్టాలని ఒక ఊరికి అనిపించిందంటే, ఆ ఊరి మీద నాకు ఇష్టం కలగడానికి అదొక్కటే చాలు.

అసలు ఆ గ్రంథాలయం పుట్టిందే బూడిదలోంచి. 1871 అక్టోబరులో షికాగో తగలబడిపోయింది. ఆ వార్త విని ఇంగ్లండులో పుస్తకాలు పోగుచేశారు. విక్టోరియా రాణి, కవి టెనిసన్, రచయిత కార్లైల్ వంటివారితో సహా ఎందరో ఇచ్చిన ఎనిమిది వేల దాకా పుస్తకాలు ఓడలో వచ్చాయి. వాటిని పెట్టడానికి చోటు లేక, మంటల్లో మిగిలిన ఒక పెద్ద ఇనుప నీళ్ళ ట్యాంకులో అరలు కట్టి, 1873 జనవరి 1న గ్రంథాలయం తెరిచారు. నూరేళ్ళు తిరిగేసరికి, 1970ల మొదట్లో, ఈ పాలరాతి భవనాన్ని కూల్చేద్దామన్న ఆలోచన వచ్చింది. అప్పటి మేయరు రిచర్డ్ డేలీ భార్య ఎలినార్ డేలీ దాన్ని నిలబెట్టాలని బహిరంగంగా చెప్పడం కూడా అది మిగలడానికి ఒక కారణం.

ఈ కథలన్నీ నేను ఉత్తరాల్లో నాన్నగారికి రాసేదాన్ని. నీలిరంగు ఏరోగ్రామ్ మూడు మడతల్లో ఇంతకంటే మంచి విషయం రాయవచ్చునని అప్పట్లో నాకు తోచేది కాదు. ఎందుకంటే మాది వేటపాలెం. ఆ పేరు వినగానే కొందరికి జీడిపప్పు గుర్తొస్తుంది, కొందరికి సారస్వత నికేతనం గుర్తొస్తుంది. మా నాన్నగారు రెండో కోవవారు. 1918లో మొదలైన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం దూర ప్రాంతాల నుంచి పరిశోధకులు వచ్చేవారు. బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం కాళ్ళు కడుక్కుని, నాన్నగారు నేరుగా అక్కడికే వెళ్ళేవారు. చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్ళేవారు. అక్కడ నేను నేర్చుకున్న మొదటి నియమం నోరు విప్పకూడదని.

అందుకే గ్రంథాలయంలో కచేరీ అని రాస్తే ఆయనకు నమ్మకం కుదరలేదు. "చదువుకునేవాళ్ళ సంగతేమిటి?" అని తిరుగు టపాలో అడిగారు. చదువుకునే గదులు వేరే ఉన్నాయని రాశాను. తరువాతి ఉత్తరంలో ఇంకో ప్రశ్న. ఒక యువతి సెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, ఒక యువకుడు పియానో వాయించిన కచేరీ గురించి నేను రాసిన నాలుగు వాక్యాలు చదివి, "ఇద్దరిలో పక్కవాద్యం ఎవరిది?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. సెల్లో ముందు వైపు కూర్చుంది కాబట్టి ప్రధానం అదేననుకున్నాను. కానీ పియానో ఊరికే వెంట నడవడం లేదు. చాలాచోట్ల అదే ముందు మాట్లాడుతోంది, సెల్లో కింద స్థాయిలో దానికి ఆధారం ఇస్తోంది. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది తికమకే. మనకు పాట ఒకటే. గాయకుడు పాడిన సంగతిని వయొలిన్ వెన్నంటి వస్తుంది, మృదంగం నడక పట్టుకుంటుంది, తంబురా శ్రుతి ఆపదు. ఎటు వినాలన్న సందేహం రాదు. ఇక్కడ రెండు వాద్యాలు ఒకే సమయంలో రెండు వేరు వేరు మాటలు చెబుతుంటే దేన్ని పట్టుకోవాలో తెలిసేది కాదు. మొదటి కొన్ని నెలలు నేను సెల్లోను మాత్రమే విన్నాను. పియానో ఏదో దూరపు వానలా వినిపించేది.

సెల్లోను వినడం తేలిక. దాని గొంతు మనిషి గొంతు. అట్టడుగు తీగ మగవాడి మంద్రస్థాయి కంటే కిందికి దిగుతుంది, పై తీగ మీద వేళ్ళు పైకి జరిగేకొద్దీ ఆడగొంతు వస్తుంది. వయొలిన్ కుటుంబంలోదే అయినా నేల మీద ఇనుప ముల్లు ఆనించి, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయిస్తారు. మెట్లు లేవు కాబట్టి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారవచ్చు. ఆ జారు వినపడగానే నాకు మన గమకం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చేది. పియానోకు అది లేదు. మెట్టు నొక్కగానే సుత్తి తీగను కొడుతుంది. స్వరం పుట్టిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది, దాన్ని మళ్ళీ పెంచే దారి లేదు. సెల్లో స్వరం కమాను లాగినంత సేపు ఉంటుంది, మధ్యలో పెరుగుతుంది కూడా. అయితే పియానో ఒకేసారి పది వేళ్ళతో పది స్వరాలు పలికించగలదు, మొత్తం సంగీతాన్ని తన మీద మోయగలదు. ఇంత వేరుగా ఉన్న రెండింటినీ ఒక చోట కూర్చోబెట్టి, ఒకటి రెండోదాన్ని ముంచెయ్యకుండా రాయడం ఎంత కష్టమో నాకు మెల్లగా తెలిసివచ్చింది.

తెలిసింది కూడా గ్రంథాలయం వల్లనే. మా ఇంటి దగ్గరి శాఖా గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు గ్రామఫోను రికార్డులు కూడా అరువిచ్చేవారు. వాటి అట్టల వెనక ఉన్న వివరాలు చదివి చదివి విషయం తెలుసుకున్నాను. జర్మన్ స్వరకర్త బేతోవెన్‌కు ముందు సెల్లో ఎక్కువగా అడుగు స్వరాలు పలికించే సేవకురాలు. విడిగా దానికోసం రాసినవారు లేకపోలేదు. జర్మనీలో బాఖ్ ఒంటరి సెల్లో కోసం ఆరు స్వరావళులు రాశాడు, ఇటలీలో వివాల్డి రాశాడు, బొక్కెరీని అయితే స్వయంగా సెల్లో విద్వాంసుడు. కానీ పియానోతో సమానంగా సెల్లోను కూర్చోబెట్టినవాడు బేతోవెన్. 1796లో బెర్లిన్ వెళ్ళినప్పుడు ప్రష్యా రాజు కోసం రెండు సొనాటాలు, అంటే కొన్ని భాగాలుగా సాగే వాద్య రచనలు, రాశాడు. ఆ రాజుకు సెల్లో వాయించడం సరదా. వాటిలో ఇంకా పియానోదే పెత్తనం. 1808లో పూర్తిచేసిన మూడో సొనాటాలో, ఎ మేజర్ శ్రుతిలో ఉన్నదానిలో, ఆ పెత్తనం పోయింది. అయిదో సింఫనీ, ఆరో సింఫనీ పూర్తయిన ఏడాది కూడా అదే. వినికిడి పోతున్న మనిషి చేసిన పని ఇది.

1987 వేసవిలో నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. అమ్మ పోయిన తరువాత ఆయన్ను ఒప్పించి రప్పించడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక కూడా ఇంట్లో ఒక మూల కుర్చీలో కూర్చుని, తెచ్చుకున్న పుస్తకాలే మళ్ళీ మళ్ళీ చదువుకునేవారు. బుధవారం కచేరీలను అక్కడి శాస్త్రీయ సంగీత రేడియో స్టేషన్ డబ్ల్యూఎఫ్ఎంటీ నేరుగా ప్రసారం చేసేది. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఆయన రేడియో పెట్టుకుని వినడం మొదలుపెట్టారు. విజయవాడ రేడియో కేంద్రం కచేరీలు వింటూ ముసలివారైన మనిషికి రేడియో ఒక్కటే ఆ దేశంలో తెలిసిన చుట్టం. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఏ వాద్యాలు వాయించారో, ఎవరు బాగా వాయించారో చెప్పేవారు. పేర్లు ఆయన నోట తిరిగేవి కావు, తీర్పులు మాత్రం స్పష్టంగా ఉండేవి.

ఆ కచేరీల పుట్టుక గురించి రేడియోలో చెబితే విని నాకు చెప్పింది కూడా ఆయనే. వాటికి మైరా హెస్ అనే ఆంగ్లేయ పియానో విద్వాంసురాలి పేరు పెట్టారు. 1939లో యుద్ధం రాగానే లండన్‌లో కచేరీ హాళ్ళు మూతపడ్డాయి. నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను బాంబుల భయంతో వేల్స్‌కు తరలించారు. ఆ ఖాళీ గోడల మధ్య మధ్యాహ్న భోజన వేళల్లో కచేరీలు పెడదామని ఆమె అడిగింది. అక్టోబరు 10న మొదటి కచేరీ ఆమే చేసింది. ప్రవేశం ఒక షిల్లింగు. వారానికి అయిదు రోజులు, 1946 ఏప్రిల్ దాకా, మొత్తం 1,698 కచేరీలు జరిగాయి. బాంబుల వానలో కింది అంతస్తులోకి మార్చారు కానీ ఆపలేదు. ఆ స్ఫూర్తితో ఆల్ బూత్ అనే షికాగో వ్యాపారి 1977లో ఇక్కడ ఈ ఉచిత కచేరీలకు అంకురార్పణ చేశాడు. అప్పుడప్పుడే పైకి వస్తున్న యువ విద్వాంసులకే ఇందులో పెద్దపీట. "యుద్ధంలో కూడా తాళం తప్పలేదన్నమాట" అన్నారు నాన్నగారు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

ఆ సెప్టెంబరులో ఒక బుధవారం సెల్లో, పియానో కచేరీ ఉందని తెలిసి ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళాను. పంచె మీద నల్ల కోటు, మెడలో ఉత్తరీయం. వాషింగ్టన్ వీధి తలుపు దాటి పాలరాతి మెట్ల ముందు నిలబడి, "చెప్పులు విప్పాలా అమ్మాయీ?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. లిఫ్టు ఉందని చెప్పినా వినకుండా మెట్లెక్కారు. గోడల మీది పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివారు. పై అంతస్తు చేరేసరికి ముందు వరుసలు నిండిపోయాయి. అక్కడికి వచ్చేవారిలో అన్ని రకాల మనుషులూ ఉండేవారు. సూట్లు వేసుకున్న ఆఫీసు ఉద్యోగులు, సంగీత కళాశాల విద్యార్థులు, చేతి సంచుల్లో గ్రంథాలయ పుస్తకాలతో రిటైరైనవారు, చలికాలంలో అయితే తలదాచుకోవడానికి వచ్చిన ఇల్లు లేని మనుషులు కూడా. ఎవరినీ ఎవరూ లేవమనేవారు కారు.

పియానో మీద ఒక స్వరం నొక్కి, సెల్లో వాయించే అమ్మాయి తీగలు బిగించుకుంది. నాన్నగారు నా వైపు తిరిగి తల ఊపారు. శ్రుతి చేసుకోవడం ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. మొదటి అంశమే ఆ ఎ మేజర్ సొనాటా.

అది సెల్లోతో మొదలవుతుంది. పియానో ఇంకా నోరు విప్పదు. సెల్లో ఒక్కటే, కింది స్థాయిలో, తొందర లేకుండా ఒక పలుకు చెప్పి ఒక స్వరం మీద నిలబడుతుంది. అప్పుడు పియానో దాని మీదుగా వచ్చి ఆ మాట పూర్తి చేసి, కాస్త విస్తరించి ఆగుతుంది. తరువాత మళ్ళీ అదే పలుకు, ఈసారి పియానో చెబుతుంది, పూర్తి చేసే పని సెల్లో తీసుకుంటుంది. మొదటి నిమిషంలోనే ఇదంతా జరిగిపోతుంది. నేను ఊపిరి బిగబట్టి నాన్నగారి ముఖం చూస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. పియానో ఆ పలుకు అందుకోగానే కళ్ళు తెరిచి, వాయించేవాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూశారు. తన ఉత్తరంలోని ప్రశ్నకు జవాబు ఆయనకు అక్కడే దొరికిందని నాకు తెలిసిపోయింది.

రెండో భాగం స్కెర్ట్సో. మూడు దెబ్బల వేగపు నడక. కానీ పాట మొదటి దెబ్బ మీద మొదలు కాదు, దానికి ముందే మొదలై, దెబ్బ పడే చోట కొత్తగా మోగకుండా సాగిపోతుంది. మన తాళంలో అతీత ఎత్తుగడ తెలిసినవారికి ఆ చమత్కారం వెంటనే పట్టుబడుతుంది. నాన్నగారి కుడి చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. నాలుగైదు ఆవర్తనాల దాకా తప్పింది, వెతుక్కుంది, తరువాత దొరికింది. దొరికాక ఆ చెయ్యి చివరిదాకా వదల్లేదు. మా ముందు వరుసలో ఒక కుర్రవాడు తిరిగి చూసి నవ్వాడు.

ఆ తరువాత నెమ్మదైన భాగం వస్తుంది. దాన్ని భాగం అనాలా, ముందుమాట అనాలా అని ఇప్పటికీ నాకు సందేహమే. పద్దెనిమిది ఆవర్తనాలే. ఇంత అందమైన పాట ఇంకా కాసేపు ఉంటే బాగుండునని అనుకునేలోపే బేతోవెన్ దాన్ని చివరి వేగపు భాగంలోకి మళ్ళించేస్తాడు. ఎన్నిసార్లు విన్నా అక్కడ నాకు ఆయన మీద కొంచెం కోపం వస్తుంది. మొత్తం మీద అరగంటకు కొంచెం తక్కువ. పాలరాయి, గాజు, మొజాయిక్ నిండిన ఆ గదిలో స్వరాలు ఆగిన తరువాత కూడా కాసేపు తిరుగుతుంటాయి. వేగపు చోట్ల పియానో కాస్త అలుక్కుపోయేది, నిజమే. సెల్లోకు మాత్రం ఆ గది వరమే.

రెండో అంశం ఫ్రెంచి స్వరకర్త ఫోరే రాసిన ఎలెజీ. 1880 నాటిది. ఒక సొనాటాలో నెమ్మదైన భాగంగా అనుకుని రాసి, చివరికి విడిగానే ఉంచేశాడు. పియానో ఒకేలాంటి బరువైన అడుగులు వేస్తుంటే దాని మీద సెల్లో పై నుంచి కిందికి దిగే విలాపం ఎత్తుకుంటుంది. మొదటిసారి గొంతెత్తి, రెండోసారి అదే మాట తనలో తాను అనుకున్నట్టు. ఏడెనిమిది నిమిషాలే. నాన్నగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ పోయినప్పుడు కూడా నేను దగ్గర లేను. మేమిద్దరం ఆ సంగతి అప్పుడూ మాట్లాడుకోలేదు, తరువాతా మాట్లాడుకోలేదు. ఆ గదిలో పక్కపక్కన కూర్చుని ఉన్నాం, అంతే.

కచేరీ అయ్యాక మెట్ల దగ్గరి బెంచీ మీద కూర్చున్నాం. నేను ఆఫీసుకు ఆలస్యమవుతానని ముందే చెప్పి వచ్చాను. డబ్బాలో తెచ్చిన పులిహోర కింద అంతస్తులో తిందామంటే ఆయన ముందు మాట్లాడాలన్నారు.

"ఇద్దరూ ప్రధానమే," అన్నారు. "సరే. మరి ఒకరు తడబడితే ఎవరు సర్దుతారు? మనకైతే పక్కవాద్యం ఉన్నది అందుకే కదా."

సర్దడానికి పెద్దగా వీలుండదని, ప్రతి స్వరమూ కాగితం మీద రాసి ఉంటుందని చెప్పాను. పియానో పక్కన కూర్చుని పేజీలు తిప్పిన అమ్మాయిని చూశారుగా అన్నాను. ఆ అమ్మాయి ఎప్పుడు వాయిస్తుందా అని చివరిదాకా ఎదురుచూశానన్నారు. కొంతసేపు ఆలోచించి, "అయితే వేదిక మీద మూడోవాడు ఉన్నాడన్నమాట. రాసినవాడు. వాళ్ళిద్దరికీ అతనే ప్రధానం" అన్నారు. ఇంకాసేపటికి, "గ్రంథాలయంలో కచేరీ ఏమిటని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వీళ్ళు పుస్తకం తెరిచి పైకి చదువుతున్నారు, అంతే కదా. ఇక్కడ కాక ఇంకెక్కడ చదువుతారు?" అన్నారు.

ఆ తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గురించి చెప్పారు. నాయుడుగారి వయొలిన్ గురించి మా ఇంట్లో నేను వినని రోజు లేదు కానీ, ఆ రోజు చెప్పిన తీరు వేరు. వయొలిన్ మన దగ్గరికి వచ్చినప్పటి నుంచి గాయకుడి పక్కన కూర్చునే వాద్యమే. 1938లో వెల్లూరులో నాయుడుగారు దాన్ని ప్రధానంగా పెట్టి తానొక్కరే కచేరీ చేశారు. "చూపు సరిగా లేని మనిషి వయొలిన్‌ను లేపి ముందు కూర్చోబెట్టాడు, వినికిడి సరిగా లేని మనిషి ఈ పెద్ద ఫిడేలును లేపి ముందు కూర్చోబెట్టాడు" అన్నారు. సెల్లోను ఆయన ఎప్పుడూ పెద్ద ఫిడేలు అనే అనేవారు. సంగీత చరిత్రకారులు ఈ పోలికను ఒప్పుకుంటారో లేదో కానీ, నా మటుకు నేను ఇన్నేళ్ళలో ఇంతకంటే మంచి మాట ఆ సొనాటా గురించి ఎక్కడా చదవలేదు.

నాన్నగారు ఆ చలికాలం మొదలయ్యేలోపు వేటపాలెం వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆ సొనాటా క్యాసెట్ ఒకటి పెట్టెలో పెట్టి ఇచ్చాను. గ్రంథాలయం నుంచి వచ్చినవాళ్ళకూ పక్కింటివాళ్ళకూ దాన్ని వినిపించి, ఎక్కడ ఎవరు ముందు మాట్లాడతారో వివరించేవారని తరువాత మా అన్నయ్య చెప్పాడు. 1990లలో ఆయన పోయారు. 1991లో గ్రంథాలయం స్టేట్ వీధిలో కట్టిన హెరాల్డ్ వాషింగ్టన్ గ్రంథాలయ భవనానికి మారిపోయింది. పాత భవనం పేరులోంచి గ్రంథాలయం అన్న మాట పోయింది. కచేరీలు మాత్రం ఆ గోపురం కిందే చాలా ఏళ్ళు సాగాయి. నేను ఉద్యోగం మారి ఊరి చివరి పట్టణానికి వెళ్ళాక బుధవారాలు నా చేతిలోంచి జారిపోయాయి.

మళ్ళీ ఆ హాల్లో కూర్చున్నది 2008 తరువాత. మేము వెళ్ళే రోజుల్లో ఆ గోపురం వెలుగంతా విద్యుద్దీపాలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఎప్పుడో దశాబ్దాల కిందట గాజును కాపాడటానికి పైన కాంక్రీటు, రాగిరేకు కప్పేశారట. లోపల దీపాలు పెట్టి వెలిగించేవారు. 2008లో ఆ కప్పు తీసేసి, గాజు పలకలన్నీ విప్పి శుభ్రం చేసి, పైన వెలుతురు చొరబడే కొత్త కప్పు వేశారు. ఇప్పుడు నిజమైన పగటి వెలుతురు వస్తుంది. మబ్బు పట్టినప్పుడు గది రంగు మారుతుంది. నాన్నగారికి ఈ వెలుతురు చూపించలేకపోయానని అనుకున్నాను కానీ, ఆయన కచేరీలో చాలా భాగం కళ్ళు మూసుకునే విన్నారని గుర్తొచ్చి కుదుటపడ్డాను.

ఈ సొనాటా వినాలని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. రస్త్రపోవిచ్ (సెల్లో), రిఖ్తర్ (పియానో) కలిసి 1960ల మొదట్లో చేసిన రికార్డింగు అందరూ గొప్పదంటారు, గొప్పదే. 1970లో ఎడిన్‌బరోలో జాక్విలిన్ డు ప్రే, బారెన్‌బోయిమ్ ప్రేక్షకుల ముందు వాయించినదానిలో ఆవేశం ఉంది. నాకు ఇష్టమైనది మాత్రం 1965లో ప్యారిస్‌లో ఫూర్నియే, కెంఫ్ వాయించినది. ఇద్దరూ పెద్దవాళ్ళు, ఎవరికీ తొందర లేదు, ఒకరి మాట ఒకరు పూర్తిగా వింటారు. కర్ణాటక సంగీతం అలవాటున్నవారు మొదటి భాగంతో కాక, రెండో భాగమైన స్కెర్ట్సోతో మొదలుపెట్టండి. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని తాళం వేస్తూ వినండి. మొదట తప్పుతుంది. వదలకండి. చెయ్యి కుదిరాక మొదటి భాగానికి వెళ్ళండి, ఈసారి సెల్లోను కాక పియానోను పట్టుకుని వినండి.